మూసిన గాలిగొట్టం

నాగాయలంక

ప్రేమగల అమ్మకు, నీ కొడుకు ఎలీషా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, సుప్రియా, పాపా ఆరోగ్యంగానే ఉన్నాం. గుడివాడలో నువ్వూ, అక్కా, పురిటి బిడ్డా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. వెనక వసారాకు రేకు వేయించాం, ఇప్పుడు వాన కారడం లేదు. పాప నీ పాత చీర కప్పుకుంటేగాని పడుకోవడం లేదు. బోటు బాగానే తిరుగుతోంది.

జ్ఞానయ్య మావయ్య ఎలా ఉన్నాడని మళ్లీ అడిగావు. కిందటిసారి "బాగున్నాడు" అని రాసి ఊరుకున్నాను. బాగాలేడమ్మా. నాన్న హయాం నుంచి మన బోటు నడిపిన మనిషి, ఇప్పుడు మన దగ్గర లేడు. ఫోనులో చెబుదామంటే నీకు సరిగా వినబడదు, అక్క విని నీ చెవిలో అరవాలి. ఈ మాట ఇంకొకరి నోటి మీదుగా నీకు చేరకూడదని రాస్తున్నాను.

మొన్నటి వానల్లో ఒకరోజు లంక నుంచి జనంతో వస్తున్నాం. నది నడుమకు వచ్చేసరికి ఇంజను బలం తగ్గింది. మావయ్య వేగం పెంచే రేజు పిడి ఎంత లాగినా అందుకోలేదు. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పోటు తగ్గి నీరు తీస్తున్న వేళ, బోటు సముద్రం వైపు జారుతోంది. ఆడవాళ్లు కేకలు పెట్టారు. మావయ్య లంగరు వేసి, డీజిలు ఫిల్టరు విప్పి కడిగి మళ్లీ ఇంజను తిప్పితే లేచింది. కొంత దూరం వచ్చి మళ్లీ ఆగింది. చివరికి చేపల పడవవాళ్లు తాడు వేసి లాక్కొచ్చారు.

రేవులో దిగగానే లంక బడి మేష్టారు నాగేంద్రబాబుగారు నిలదీశారు. "పసిపిల్లలున్నారయ్యా బోటులో! ఎవర్ని నమ్మి ఎక్కాలి?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇది ఫిల్టరు కాదు అల్లుడూ. ట్యాంకు వైపు చూడాలి, కాసేపాగు," అన్నాడు మావయ్య.

"చూసింది చాలు. మళ్లీ తాగి ఎక్కావా?" అన్నాను, అందరి ముందూ.

ఆయన తాగుడు ఎంత కష్టపడి మానాడో నాకన్నా నీకే తెలుసు. మానేసిన రోజు మందిరంలో ఆయన పక్కన నిలబడి ప్రార్థన చేసింది నువ్వే. మావయ్య నా మొహంలోకి ఒకసారి చూశాడు. తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు నేనే ఖాళీ బోటు తీశాను. మళ్లీ అదే తీరు. డీజిలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే, హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. మూత వదులుగానే ఉంచి ఇంజను తిప్పాను. కాసేపటికి అందుకుంది, రేవు దాకా ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చింది. డీజిలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్లడానికి బల్ల వెనక సన్న గొట్టం ఉంటుంది కదా. మావయ్య రాని ఒకరోజు, వాన నీళ్లు పోతాయని దాని మూతికి ప్లాస్టిక్ సంచి చుట్టి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టింది నేనే. ఆయనకు చెప్పడం మరిచిపోయాను.

మరిచిపోవడం వరకే అయితే ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆ కట్టు కోసి నీళ్లలో పారేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను. అప్పటినుంచి ఇంజను ఆగలేదు. "జ్ఞానయ్య దిగాడు, ఇంజను కుదురుకుంది," అన్నారు జనం. నేను నవ్వాను అమ్మా. కాదనలేదు.

మావయ్య కోడూరు దగ్గర రొయ్యల చెరువుల మీద పనికి కుదిరాడు. "వాడు నీకు నాన్నలాంటివాడు" అని నువ్వు రాసిన ముక్క చదివాక ఉండలేక నిన్న వెళ్లాను. మేత బస్తాలు దించుతున్నాడు. అంతా చెప్పాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"నేను తాగలేదని నాకు తెలుసు. నాకెందుకు చెప్తావ్? ఎక్కడ అన్నావో అక్కడ చెప్పు."

"మళ్లీ బోటు మీదకి రా మావయ్యా."

"రాను," అని బస్తా ఎత్తుకున్నాడు.

ఇవాళ పొద్దున బోటు నిండాక, ఇంజను వేయకముందే లేచి నిలబడి చెప్పాను. మేష్టారు తల దించుకుని, "నేనూ నమ్మేశానే," అన్నారు. ఒకాయన నా వైపు చూడకుండా దిగి వేరే బోటెక్కాడు. అవతల ఒడ్డున దిగి తిన్నగా మావయ్య ఇంటికే వెళ్లాను. కరుణమ్మత్త చేపలు తోముతోంది. తిడుతుందనుకున్నాను. విని, చేతులు కడుక్కుని, గడపలో కూలబడింది.

"నువ్వు ఆ మాట అన్నప్పటినుంచి, ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన నోరు వాసన చూశానయ్యా," అంది. "ఇక్కడే, ఈ గుమ్మంలో నిలబెట్టి. పసిపిల్లాడిలా నోరు తెరిచేవాడు. నీ నోటితో నువ్వు చెప్పుకున్నావు. నేనెట్టా చెప్పుకోను ఆయనకి?"

అక్క కాస్త తెరిపిన పడగానే బయల్దేరి రా అమ్మా. నన్ను ఏమన్నా పడతాను. ముందు వెళ్లి అత్త పక్కన కూర్చో.

ఇట్లు,
నీ ముందుకు రావడానికి మొహం లేని కొడుకు,
ఎలీషా