గోల్‌పోస్టు వెనక నీ చోటు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇపో ఊళ్లో నీ స్నేహితుడు రాజు ఫుట్‌బాల్ ఫోటోల ప్రదర్శన పెడితే వెళ్లాను. గోల్‌పోస్టు వెనక నేల మీద కూర్చుని తీసిన ఫోటో చూడగానే ఒళ్లు మండింది. ప్రతి మ్యాచ్‌కీ అక్కడ కూర్చునేది నువ్వే. కింద మాత్రం అతని పేరుంది. నీ కెమెరా కూడా అతని దగ్గరే ఉండిపోయింది మరి.

"ఇది మా అన్న తీసిందే గదా?" అని నిలదీశాను.

"నానే తీసినాను చెల్లీ. ఆ రోజు అన్న తన సోటు నాకిచ్చి అటేపు ఎల్లినాడు లా. నమ్మవేటి? అదుగో, సూడు," అన్నాడు రాజు, మలేసియా అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

ఫోటోలో అవతలి గోల్‌పోస్టు పక్కన మోకాళ్ల మీద చిన్నగా నువ్వు కనిపించావు. ముఖానికి కెమెరా అడ్డంగా ఉంది.

మైదానంలో నువ్వున్న ఫోటో మనింట్లో ఒక్కటీ లేదు. రాజును ఇంకేమీ అడగలేదు, అది నాకిమ్మని తప్ప.

నీ చెల్లి