పేరు కత్తిరించిన మాత్ర

మార్చి 3, సోమవారం

మా లాండ్రీలో రెండో ఇస్త్రీ రోలర్ ఇంకా బాగుచెయ్యలేదు. పైన హోటల్లో గదులు మాత్రం నిండే ఉన్నాయి. ఉతికిన దుప్పట్లన్నీ ఒక్క రోలర్ మీదుగానే ఇస్త్రీ అయి రావాలి. వాటన్నిటినీ మా నాలుగు జతలవాళ్ళమే మడవాలి. పొద్దున్నే భుజం పట్టేసింది. సాయంత్రం జుట్టు ముడి వేసుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు.

మెకానిక్ ఎప్పుడొస్తాడని నా జోడీ అడిగింది. జోడీ అంటే నాకు ఎదురుగా నిలబడి దుప్పటి అటు కొసలు పట్టుకునే పిల్ల. నన్ను అక్కా అంటుంది. నోరు కాస్త ఎక్కువ. సూపర్‌వైజరమ్మ మంచినీళ్ళ క్యాను పక్కన స్టీలు ట్రే పెట్టి వెళ్ళిపోయింది. అందులో నొప్పి మాత్రలు. అదే జవాబు.

ఒక్కొక్కరు ఒక్కటే తియ్యాలని స్ట్రిప్పుల్ని కత్తెరతో ముక్కలు చేసి పోస్తుంది. మేం వాటిని పిప్పరమెంట్లు అంటాం. పొద్దున ఒకటి, అన్నం తిన్నాక ఒకటి. రాత్రి పడుకోబోయే ముందు మా ఆయన తన నడుం మాత్రల్లోంచి నాకొకటి ఇస్తాడు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. చొక్కా జేబులో పెన్ను లేకపోయినా స్ట్రిప్పు ఉంటుంది.

ఇవాళ కొత్త సంగతి ఒకటి జరిగింది. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే చెవిలో సన్నగా మోత. గంట కొట్టి వదిలేశాక మిగిలే నాదం లాంటిది. బయటినుంచి కాదు, లోపలినుంచే. ఒళ్ళు జలదరించింది. ఎవరికీ చెప్పలేదు.

మార్చి 5, బుధవారం

ఇన్నేళ్ళు పిలిచాను. ఇప్పుడు పలికాడు.

మార్చి 9, ఆదివారం

వదినకి చెప్పడం నాదే బుద్ధితక్కువ. అన్నయ్య భార్య కదా, మనసులో పెట్టుకుంటుందని చెవిలో చెప్పాను. ఇవాళ ప్రార్థన మందిరంలో అడుగు పెట్టేసరికి అందరికీ తెలిసిపోయింది. ప్రార్థన నడిపించే పెద్దాయన నన్ను లేచి నిలబడమన్నారు. భక్తి ఎక్కడికీ పోదని, ఈ తల్లి చెవిలో నాదం పలుకుతోందని అందరికీ చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఒక ముసలమ్మ వచ్చి తన చెవి నా చెవికి ఆనించి చాలాసేపు నిలబడింది. ఆవిడకేమీ వినపడలేదు. అయినా కళ్ళు తుడుచుకుంది.

వదిన మీద మండిపోతోంది. అబద్ధం ఎందుకు, లోపల ఒక మూల సంతోషంగా కూడా ఉంది.

ఇంటికొచ్చాక మా ఆయన, దేవుడు ఫోన్ చేస్తున్నాడేమో, ఎత్తి మాట్లాడకపోయావా అన్నాడు. అంతలోనే మాత్ర చేతిలో పెట్టాడు.

మార్చి 12, బుధవారం

జోడీతో మాటల్లేవు.

దుప్పటి మడతకి ఒక లెక్కుంది. రోలర్ లోంచి వేడివేడిగా వచ్చినదాన్ని చెరో కొసా పట్టుకోవాలి. జోడీ "దులుపు" అంటే దులపాలి, "కలుపు" అంటే ఎదురు నడిచి నా కొసలు దానికి అందించాలి. ఇవాళ అది "కలుపు" అన్నా నేను అక్కడే నిలబడ్డానట. ఒకసారి కాదు, పొద్దున్నుంచీ అంతేనట. దేవుడి మాట వినపడుతుంది గానీ ఎదురుగా అరిచేదాని మాట వినపడదా అక్కా అంది. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. అన్నం దగ్గర దూరంగా కూర్చున్నాను. అది అన్నం కూడా తినలేదు. కడుపులో మంటట. ఉత్త కడుపు మీదే పిప్పరమెంటు వేసుకుని మళ్ళీ దుప్పటి పట్టుకుంది. తిక్కది.

సాయంత్రంనుంచి దాని పెదాలు చూసి మడుస్తున్నాను.

మార్చి 14, శుక్రవారం

ట్రాలీ గుద్దింది. తడి బట్టల ట్రాలీ తోసే అతను పక్కకి జరగమ్మా అని గొంతు చించుకుని అరిచాడట, బెల్లు కూడా కొట్టాడట. నా చెవిలో నాదం తప్ప ఇంకేమీ లేదు. మడమ వాచి బన్నులా అయింది. పాపం అతనే వణికిపోయాడు.

సూపర్‌వైజరమ్మ వచ్చి చూసి, ట్రేలోంచి రెండు మాత్రలు తీసి ఇచ్చింది. ఇవాళ్టికి ఎక్కువ వేసుకున్నా ఏం కాదులే అంది. ట్రాలీ గుద్దినా అదే, రోలర్ చెడినా అదే. ఈవిడ ఇంట్లో పప్పు మాడినా దాంట్లో మాత్రే వేస్తుందేమో.

రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని జోడీ చెప్పింది. నా కళ్ళ ముందుకి వచ్చి మరీ, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఏడుపొచ్చింది.

మార్చి 15, శనివారం, మధ్యాహ్నం 3

డాక్టరమ్మ చిన్నది, నా కూతురి వయసుంటుంది. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టారు. చప్పుడు వినపడగానే బటన్ నొక్కమన్నారు. నేను నొక్కుతూనే ఉన్నాను. నేను నొక్కినప్పుడు చాలాసార్లు వాళ్ళు ఏ చప్పుడూ వెయ్యలేదట.

వినికిడి తగ్గింది. బీపీ పెరిగింది.

ఏమేం మందులు వాడుతున్నారని అడిగింది. నేనేం మందులూ వాడనన్నాను. జోడీ నా చేతిసంచీ లాక్కుని బల్ల మీద బోర్లించింది. మా ఆయన స్ట్రిప్పు, ట్రేలో ముక్కలు నాలుగో ఐదో పడ్డాయి. ఇవి మందులు కాదండీ, నొప్పి మాత్రలు అన్నాను. డాక్టరమ్మ ఆ ముక్కల్ని తిప్పి తిప్పి చూసింది. ఒక దాని మీద అక్షరం తోక ఉంది, ఒక దాని మీద అదీ లేదు.

నొప్పి మాత్రలు మోతాదు మించితే కొందరికి చెవుల్లో ఇలా మోత వస్తుందని చెప్పింది.

అది ప్రార్థనలో వచ్చిందండీ అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నిశ్శబ్దంగా కూర్చుంటారు కదమ్మా, అందుకే అక్కడ ముందు తెలిసి ఉంటుంది అంది. ఇవాళ్టినుంచి అన్నీ ఆపెయ్యాలి. బీపీకి, చెవులకి మళ్ళీ వచ్చి చూపించుకోవాలి. వినికిడి తిరిగొస్తుందా అంటే, చాలామందికి వస్తుంది, మాట మాత్రం ఇవ్వలేనంది. ట్రేలో మాత్ర ఏమిటో పేరు తెలుసుకు రమ్మంది. జోడీ కడుపు మంట సంగతి విని, దాన్నీ పరీక్ష చేయించుకోమంది.

సాయంత్రం 6

ఎవరి మీద కోపం అంటే చెప్పలేను. అందరి మీదా. మింగిన మాత్ర పేరేమిటని ఒక్కసారైనా అడగని నా మీద. పది పాసైనదాన్ని, సబ్బు అట్ట మీద కూడా చిన్నక్షరాలు చదువుతాను, నోట్లో వేసుకునేది మాత్రం చదవలేదు. కత్తెర మీద కోపం. ఒక్క రోలర్ బాగుచేయించలేని ఆ పెద్ద హోటలు మీద. మాత్రని ముద్దులా ఇచ్చిన మా ఆయన మీద. విషయం చెప్పగానే ఆయన స్ట్రిప్పు పెరట్లోకి విసిరేసి తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని చూస్తే ఇంకా కోపమొచ్చింది, తిట్టడానికి కూడా వీల్లేకుండా కూర్చున్నందుకు.

అందరికంటే ఎక్కువ పైవాడి మీద. నేనెప్పుడూ ఏమీ అడగలేదు. ఒక్క పిలుపు. అది కూడా మందుల షాపు సరుకేనా?

మార్చి 16, ఆదివారం

మందిరంలో అందరికీ నిజం చెప్పేస్తానని ముందు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళు మూసుకుని విని, దేవుడు మాత్రలోంచి కూడా రావచ్చు కదమ్మా అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి చేతిలోంచి ప్రార్థన పుస్తకం లాక్కోవాలనిపించింది. మాత్రలోంచి చెవుడు వస్తుందండీ అని మనసులో అన్నాను. పైకి అనలేదు.

వదిన పక్కకి లాగి, ఇంతమంది నమ్మాక ఇప్పుడు చెబితే నా పరువేం కాను అంది. తన పరువు నా చెవిలో ఎప్పుడు పెట్టుకుందో నాకు తెలియదు.

జ్వరంతో ఉన్న బిడ్డని ఎత్తుకుని ఒకామె నా దగ్గరికొచ్చింది. తల మీద చెయ్యి పెట్టమంది. పెట్టాను. చెయ్యి కాలిపోయింది. డాక్టరుకి చూపించు తల్లీ అని మాత్రం అనగలిగాను.

పాటలో నేను ఒక చరణం ముందుకెళ్ళిపోయానట. ఎవరూ ఆపలేదు. తన్మయత్వం అనుకున్నారు.

మార్చి 17, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

సూపర్‌వైజరమ్మ కత్తెర పట్టుకుని ట్రే ముందు కూర్చుంది. దగ్గరికెళ్ళి, కత్తిరించని స్ట్రిప్పు ఒకటి చూపించండి అని అడిగాను. పేరుతో నీకేం పని, నువ్వేమన్నా డాక్టరువా అంది. ఆఫీసు వాళ్ళు మంచివే కొంటారంది. వెనక్కి తిరిగితే జోడీ కనిపించింది. కడుపు పరీక్ష చేయించుకున్నావా అని పొద్దున అడిగితే జీతం రోజు దాటాక చూద్దామంది, ఇప్పుడు ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చెయ్యి ట్రే వైపు చాపింది.

నేను మళ్ళీ అడిగాను. మెల్లగానే అడిగాననుకున్నాను. దేవుడి తోడు, ఎప్పుడూ మాట్లాడినట్టే.

"ఆ మాత్ర పేరు చెప్పండి. నా చెవులు పోతున్నాయి. దాని కడుపు పోతోంది."

అందరూ ఆగిపోయారు. దుప్పట్లు చేతుల్లో వేలాడుతున్నాయి. ట్రాలీ అతను వరండాలోంచి పరిగెత్తుకొచ్చాడు. పైమెట్టు మీద మేనేజరు నిలబడి ఉన్నాడు. నాకర్థం కాలేదు, అందరూ నన్నెందుకు అలా చూస్తున్నారో. నా గొంతు రోలర్ చప్పుడు మీదుగా హాలు చివరికి వినపడిందని, ఇన్నేళ్ళలో నా గొంతు అదే మొదటిసారి విన్నామని జోడీ తర్వాత చెప్పింది. చెవులు పోయాక నీకు నోరొచ్చిందక్కా అంది.

సూపర్‌వైజరమ్మ లేచి బీరువాలోంచి డబ్బా తెచ్చింది. మా ఆయన పెరట్లో విసిరేసిన స్ట్రిప్పు నేను ఏరి తెచ్చుకున్నాను. రెండూ పక్కపక్కన పెట్టాను. పైన కంపెనీ పేర్లు వేరు, రంగులు వేరు. కింద చిన్నక్షరాల్లో మందు పేరు ఒక్కటే. పగలు ట్రేలోంచి, రాత్రి ఆయన జేబులోంచి నేను మింగింది ఒకే మందు. గట్టిగా చదివాను. ఈసారి కావాలనే గట్టిగా.

జోడీ చేతిలో మాత్ర ట్రేలో పడేసింది. దాని వెనక ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి.

సూపర్‌వైజరమ్మ మోకాళ్ళ నొప్పులకి తనూ అవే వేసుకుంటుందట, పొద్దున్నా సాయంత్రమూ. ఆ మాట చెబుతూ చెవి తడుముకుంది. మనసారా కోపం తెచ్చుకుందామంటే అదీ కుదరనివ్వలేదు.

మార్చి 18, మంగళవారం

ట్రే తీసేశారు. మాత్రలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలని గోడకి కాగితం అంటించారు. మెకానిక్ రాలేదు.

మార్చి 20, గురువారం

జోడీ పరీక్షకి వెళ్ళింది. కడుపులో పుండు. మందు ఇచ్చారు, తగ్గుతుందన్నారు. మాత్ర లేకుండా నా భుజం నాది కాదు. అయినా మోత అలాగే ఉంది. మోసం చేసి కూడా వదలదా?

మార్చి 23, ఆదివారం

చెప్పేశాను. అందరి ముందూ లేచి, ఇది దేవుడి నాదం కాదు, నొప్పి మాత్రలవల్ల వచ్చిన జబ్బు అన్నాను. ఎంత గట్టిగా అన్నానో తెలియదు. వదిన నేల చూసింది. పెద్దాయన వెంటనే పాట ఎత్తుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఆ రోజు చెవి ఆనించిన ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తన చెవిలోనూ ఎప్పటినుంచో మోత ఉందట, ఎవరికీ చెప్పలేదట. కొంగు ముడి విప్పి మాత్ర చూపించింది. ఇది కూడా అదేనా చూసి చెప్పమ్మా, నాకు చదువు రాదు అంది.

మార్చి 27, గురువారం

సోమవారంనుంచి ఎవరి ఒంటికి ఓపినంతే మడుస్తున్నాం. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు, అలా జరిగిపోయింది. దుప్పట్లు గుట్టలు పడ్డాయి. పైన గదుల్లో పరుపులు బోసిగా ఉండే పరిస్థితి వచ్చింది. ఇవాళ మెకానిక్ వచ్చాడు. ఏదో బెల్టట. టీ చల్లారేలోపు మార్చేశాడు. రెండో రోలర్ తిరిగింది.

అంతేనా? ఇంత సులువైన పనికి ఇన్నాళ్ళూ మా కడుపుల్లో మాత్రలు పోశారా?

ఏప్రిల్ 2, బుధవారం, పొద్దున

గడియారం వినిపించింది. పక్కింటి కుళాయి. మా ఆయన గురక. మోత లేదు.

భుజం సలుపుతోంది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

ఇప్పుడు పలుకు. నేనేమీ మింగలేదు.