బస్సులో బోణీ

నూజివీడు,
20 జూన్ 1948, ఆదివారం

తెనాలిలో ఒంటరిగా హోటలు సాంబారు తింటున్న శ్రీవారికి,

నిన్న పొద్దున్న హనుమాన్ జంక్షన్ బస్సులో మామయ్యగారి ఉచిత పాసు లాగేసుకున్నారు. అప్పటినుంచి ఆయన అన్నం ముట్టలేదు. ఈ రెండు సంగతులూ ముందే చెప్పేస్తే తక్కినవి నెమ్మదిగా చదువుకుంటారని ఇలా మొదలుపెట్టాను.

రజాకార్లకు భయపడి మధిర వదిలి వచ్చిన మనబోటివాళ్ళకి సర్కారు బియ్యం ఇస్తోంది. ఆ బియ్యం జంక్షన్ దగ్గర క్యాంపులో ఇస్తారు గనక, వెళ్ళిరావడానికి మనిషికొక బస్సు పాసు కూడా ఇచ్చింది. ఇంతవరకు మీకు తెలుసు. బియ్యం వారానికొకసారి. మామయ్యగారు వెళ్తున్నది రోజూ. ఇది మీకు తెలియదు. నేనే దాచాను.

ఆయన వెళ్ళేది బోణీ కోసం. బోణీ కాకుండా మామయ్యగారు విస్తరి ముందు కూర్చోరు. మధిరలో కొట్టు మూసిన రోజున కూడా పెరటి గోడ మీంచి పక్కింటివాళ్ళకి చిటికెడు ఇంగువ అమ్మి వచ్చి తినేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ మనం ఉంటున్నది నారాయణరావుగారి మామిడికాయల షెడ్డు వెనక గదిలో. ఆయన కొట్టు వీధి వైపు ఉంది. "నీడనిచ్చినవాడి వీధిలో తక్కెడ పట్టకూడదమ్మా" అన్నారు మామయ్యగారు. పక్క వీధిలో ఇంకొకరి కొట్టు, ఆ పక్క వీధిలో మరొకరిది. బస్సు ఎవరి వీధీ కాదు. అందుకని వక్కలు, ఇంగువ, సూదులు, కుంకుడుకాయలు ఒక సంచిలో వేసుకుని బస్సెక్కడం మొదలుపెట్టారు.

అది పెట్రోలు బదులు బొగ్గు మీద నడిచే బస్సు. తోటల దగ్గర ఎత్తు రాగానే ఆగిపోతుంది. క్లీనరు దిగి బొగ్గుల పొయ్యి విసురుతాడు. ఆ కాసేపట్లో మామయ్యగారు సంచి విప్పుతారు. నిన్న బస్సు యజమాని భానుమూర్తిగారు కూడా అదే బస్సులో ఉన్నారట.

"ఏమండీ శెట్టిగారూ, సర్కారు మీకు పాసిచ్చింది బియ్యం తెచ్చుకోడానికా, నా బస్సులో కొట్టు పెట్టుకోడానికా?" అన్నారట.

"మీ బస్సు నడుస్తుంటే నేనెప్పుడైనా సంచి విప్పానా బాబూ? ఆగినప్పుడేగా విప్పేది!"

బస్సంతా నవ్వింది. ఆ నవ్వుకే పాసు పోయింది. యజమాని కన్నెర్ర చేస్తే కండక్టరు సాంబయ్య తల వంచుకుని తీసుకున్నాడట. టిక్కెట్టు కొని ఎక్కితే అమ్మిందంతా దానికే చాలదు.

ఇవాళ నేను అర్ధణా పట్టుకెళ్ళి వక్కలడిగాను. "ఇంటి మనిషి కొంటే బోణీ కాదమ్మా. కుడి చేతిలోది ఎడం చేతిలో పెట్టుకోవడం" అన్నారు. పోనీ పండైనా తినమన్నాను. "ఆకలి తీరిస్తే అదీ అన్నమే" అన్నారు. చుట్టూ గడ్డిలో రసాలు మాగుతున్నాయి. మధ్యన మామయ్యగారు కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. ఆయనకి అరవై దాటాయి. మజ్జిగతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు? ఏం చెయ్యమంటారో వెంటనే రాయండి.

మీ
భారతి

*

నూజివీడు,
27 జూన్, ఆదివారం

కోపంగా ఉన్న శ్రీవారికి,

మీ జవాబు బుధవారం అందింది. మామయ్యగారు సోమవారమే అన్నం తిన్నారు. కాబట్టి కంగారు పడకండి. ఎలా తిన్నారో చదివాక పడండి.

పోయింది మామయ్యగారి పాసు. నాది నా దగ్గరే ఉంది. సోమవారం పొద్దున్న ఆయన్ని అడిగాను: "మామయ్యగారూ, ఇంటి మనిషి కొంటే బోణీ కాదు. మరి ఇంటి మనిషి అమ్మితే?"

చాలాసేపు ఆలోచించారు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి మళ్ళీ ఆలోచించారు. "కొట్టు ఎవరిదైతే బోణీ వాళ్ళది. గుమస్తా అమ్మినా యజమానిదేగా" అన్నారు.

"అయితే ఆ సంచి ఇలా ఇవ్వండి."

బస్సెక్కాను. సాంబయ్య నా పాసు చూసి, సంచి చూసి, "యజమాని ముసలాయన పాసు సంగతే చెప్పాడమ్మా, మీ సంగతి చెప్పలేదు" అని ముందుకెళ్ళిపోయాడు. అలవాటు ప్రకారం ఎత్తు దగ్గర బస్సు ఆగింది. సంచి విప్పి, వక్కల పొట్లాలే మళ్ళీ మళ్ళీ సర్దుకుంటూ కూర్చున్నాను. మాగాయ ముక్కలు తరగడానికి తోటకి వెళ్తున్న కృపావతి అనే ఆవిడ నా అవస్థ చూసి, "వక్కలమ్ముతావా, వాటికి కాపలా కాస్తున్నావా?" అంది. అప్పుడు సాంబయ్యే వచ్చి కాసు నా చేతిలో పెట్టాడు. "ఇయ్యండమ్మా, నేనే బోణీ చేస్తా. ఆయన లేక నిన్న బస్సాగితే జనం నన్ను నమిలేశారు. వక్కలు నమిలితే నాకు కాస్త శాంతి."

తరవాత కృపావతి సూదులు బేరమాడి కొసరు అడిగింది. మామయ్యగారు కొసరు వెయ్యడం నేనెన్నడూ చూడలేదు, నేనూ వెయ్యలేదు. "మామకి తగ్గ కోడలే!" అని మెటికలు విరిచింది.

ఇంటికొచ్చి ఆ కాసు ఇచ్చాను. మామయ్యగారు కళ్ళకద్దుకుని, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. పప్పు రెండుసార్లు వేయించుకున్నారు.

మీరు పరువు గురించి రాశారు. పెద్ద కొట్టున్నవాళ్ళం బస్సులో వక్కలమ్మితే నలుగురూ ఏమనుకుంటారని. ఆ మాట నన్ను గుచ్చింది. అందుకే ఇది కూడా రాస్తున్నాను. మేం తినే బియ్యం ధర్మం. పడుకునే గది ధర్మం. ఎక్కే బస్సు ధర్మం. సర్కారుకీ నారాయణరావుగారికీ చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ తెల్లారి లేచింది మొదలు పుచ్చుకోవడమే అయితే మామయ్యగారికి ముద్ద దిగదు. ఒకరికి ఒకటిచ్చి, దాని విలువ తీసుకునేది ఆ ఒక్క బేరంలోనే. ఆ కాసేపు ఆయన కాందిశీకుడు కాదు, మధిర పాండురంగారావు.

రేపు కూడా వెళ్తాను. మీరు వద్దని రాసినా ఆ ఉత్తరం బుధవారానికి గానీ రాదు.

మీ
భారతి

*

నూజివీడు,
28 సెప్టెంబరు, మంగళవారం

సూదులు పంపిన శ్రీవారికి,

మన పాసులు వచ్చే ఆదివారంతో ఆఖరు. నిన్న క్యాంపులో చెప్పారు. నిజాం లొంగిపోయాడు గనక ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళవచ్చట.

జులైలో మీరు కోపంగా రాసిన రెండు ఉత్తరాలూ దాచాను. ఆగస్టులో పంపిన పార్సెలు కూడా దాచేదాన్నే, కానీ సరుకు అమ్ముడుపోయింది. అందులో పరువు గురించి ఒక్క ముక్క లేదు. సూదులు మాత్రం నాలుగు రకాలున్నాయి. కృపావతి గోనెసంచులు కుట్టే రకం మళ్ళీ అడిగింది.

నిన్న సాయంత్రం భానుమూర్తిగారు సాంబయ్యని వెంటబెట్టుకుని షెడ్డుకి వచ్చారు. మామయ్యగారి పాసు ఆయన ముందు పెట్టారు. "తప్పయిపోయింది శెట్టిగారూ. మీ కోడలు సంచి విప్పుతుంటే బస్సాగినా జనం దిగి వెళ్ళిపోవడం లేదు. ఈ ఊళ్ళోనే ఉండిపోండి. పాసులు పోతే పోయాయి, నేను టిక్కెట్టడగను. ఒక సీటు మీదే అనుకోండి."

మామయ్యగారు నన్ను చూపించారు. "అమ్మింది ఆవిడ. ఆవిణ్ణడగండి."

నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆ సీటు కిటికీ పక్కది. కానీ మామయ్యగారు ఆ పాసు పట్టుకుని మధిర వైపు చూస్తున్నారు. "మీ బస్సు బాగుచేయించండి బాబుగారూ, మేం వెళ్ళిపోతాం" అన్నాను. ఆయన సాంబయ్య వైపు తిరిగి, "బస్సు బాగుండి ఉంటే వీళ్ళకి బేరమే ఉండేది కాదురా" అని నవ్వుతూ వెళ్ళారు.

మధిర నుంచి వచ్చినవాళ్ళు మన కొట్టు సంగతి చెప్పారు. తలుపులు లేవట. తక్కెడ ఉందట. "తలుపుల్లేని కొట్టు తెరవడం తేలిక" అన్నారు మామయ్యగారు. ఆ వెంటనే ఇంకోమాట అన్నారు, మీరు కూర్చుని చదవండి. మొదటి రోజు గల్లా దగ్గర కూర్చునేది నేనట. "ఈ మూడు నెలలూ నాకు అన్నం పెట్టింది దాని చెయ్యి" అన్నారు. వండినందుకు కాదు, అమ్మినందుకు.

ఆదివారం పొద్దున్న బస్సెక్కి, జంక్షన్ దగ్గర రైలు పట్టుకుని, బెజవాడలో రైలు మారి మధిర చేరతాం. సోమవారం సూర్యోదయానికి కొట్టు తెరుస్తాం. మీరు ముందే వచ్చేస్తే పక్కన నిలబడండి గానీ వక్క అడగకండి. ఇంటి మనిషి కొంటే బోణీ కాదు. ఇంకొకరు వచ్చి కొనేదాకా ఆ పూట మీక్కూడా అన్నం లేదు.

మీ
భారతి