సున్నా వెయ్యను

ఆగస్టు 4, సోమవారం
బడుల్లో మా భాషకీ సంస్కృతికీ పండగ చేసే భాషామాసం వచ్చేసింది. అంటే అద్దె బట్టలు, వెదురు గడల డాన్సు, స్టేజీ, ఇన్‌స్పెక్టర్ గారు. ఈ బడిలో నాకిది మూడో ఏడు, ఇంకా పర్మనెంట్ కాలేదు. ప్రోగ్రాం బాగా జరిగితే నీ ఫైలు కదుల్తుంది మిస్ ఉమాలీ అన్నారు ప్రిన్సిపాల్ ఒకాంపో మేడమ్. అదరగొట్టేస్తానని చెప్పి వచ్చాను.

ఆగస్టు 7
బోర్డు మీద ‘కలినంగన్’ అని రాశాను. సంస్కృతికి మా సొంత మాట. నేలను సాగుచేయడంలోంచి పుట్టింది. కానీ మా నోళ్లలో తిరిగేది స్పెయిన్ దొరలు వదిలిపోయిన ‘కుల్తుర’. మీ ఇంట్లో సంస్కృతి ఏముందో చెప్పమంటే ఎగువ పల్లె పిల్ల రుఫీనా లేచి, మా ఇంట్లో అలాంటివేం లేవు టీచర్, దున్నపోతు ఉంది అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

ఆగస్టు 19, సాయంత్రం
ఇవాళ్టి ప్రోగ్రాం ఎగువ పల్లె పిల్లలు ఆరుగురూ ఎగ్గొట్టారు. డాన్సు మధ్యలో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ గారు వాచీ చూసుకున్నారు. ఒళ్లు మండిపోతోంది.

ఆగస్టు 20
ఆరుగురినీ నిలబెట్టి చెడామడా తిట్టాను. రుఫీనా తల దించలేదు. మా పల్లెలో అలింగ్ పసింగ్ మొగుడు పోయాడు కదా టీచర్, నిన్న ఆవిడ పొలంలో సుయువాన్ అంది.

సుయువాన్ నాకు తెలుసు. మా అమ్మమ్మ చెప్పేది. ఊళ్లో నాగళ్లన్నీ ఒకే పొలంలో దిగుతాయి. ఇవాళ నీది, రేపు నాది. కూలి ఉండదు, పొలం వాళ్లు అన్నం పెడతారు. పిలిస్తే రానని అనకూడదు.

ముందే చెప్పి చావొచ్చు కదే అన్నాను. చెప్పాం టీచర్, మీరు జాకెట్ల కొలతలు రాసుకుంటా తర్వాత చూద్దాం పో అన్నారు అంది. అన్నాను. గుర్తుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆగస్టు 22
సంస్కృతి మీద శ్రద్ధ లేనివాళ్లకి ప్రదర్శన మార్కు సున్నా వెయ్యమన్నారు మేడమ్. సున్నా పడితే ఆ ఆరుగురూ నా సబ్జెక్టు తప్పుతారు. వెయ్యనన్నాను. వాళ్లు ఎందుకు రాలేదో చెప్పాను. బురద తొక్కడం కూడా సంస్కృతేనా అని నవ్వారు. నీ ఫైలు సంగతి గుర్తుందా అన్నారు. గుర్తుందన్నాను.

ఫైలు కదలకపోతే పోనీ. వెయ్యను.

ఆగస్టు 23, శనివారం
రుఫీనా వాళ్ల పొలంలో సుయువాన్. పిలవకపోయినా వెళ్లాను. నాగలి పట్టిన నాలుగో అడుగుకే బోర్లా పడ్డాను. దున్నపోతు కూడా ఆగి చూసింది. లేవండి టీచర్, ఇంకా సగం చెక్కే కాలేదు అని రుఫీనా అరిచింది. ఈసారి అందరూ నన్ను చూసి నవ్వారు, బాకీ తీరింది.

మధ్యాహ్నం అరిటాకుల మీద అన్నం, ఎండు చేప. చేత్తోనే తిన్నాం. అలింగ్ పసింగ్ నా పక్కనే కూర్చుంది. పొలం ఏమైపోతుందోనన్న దిగులుతో మా ఆయన కోసం సరిగా ఏడవనే లేదు, ఇప్పుడింక తీరిగ్గా ఏడుస్తానమ్మా అంది. అని, నా ఆకులో ఇంకో చేప వేసింది.

ఆగస్టు 26
మార్కుల ఫారం నింపాను. ‘ప్రదర్శించిన సాంస్కృతిక అంశం’ అన్న గడిలో ఆరుగురికీ ఒకటే రాశాను: అలింగ్ పసింగ్ పొలం దున్నారు.

నూటికి నూరు.

సంతకం చాలదనిపించి, పక్కన నా పూర్తి పేరు కూడా రాశాను.