ఆంటీ కుడి కంటికి ఊదా రంగు

శనివారం, రాత్రి

పక్క ఫ్లాట్ అప్పలమ్మ ఆంటీని ఇవాళ లావెండర్ పూలు చూపించడానికి తీసుకెళ్లాను. కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆవిడ సరదాగా బయటికి రావడం ఇదే మొదటిసారి. మేముండే చోవా చూ కాంగ్ నుంచి ట్రైన్‌లో చాలాసేపు పట్టింది. ఈ వేడికి లావెండర్ బయట బతకదని పెద్ద గాజు మేడలో చల్లగా పెంచుతున్నారు. తలుపు దాటగానే వాసన కమ్మేసింది. ఎదురుగా వాలు పొడవునా ఊదా రంగే.

ఆంటీ కదల్లేదు. ఒక కన్ను మూసి చూసింది, తర్వాత రెండోది మూసి చూసింది.

"ఏమైంది ఆంటీ?"

"ఎడమ కంటికి మట్టి రంగులా ఉందమ్మా. కుడి కంటికి... ఓలమ్మో, ఇంత రంగు ఇన్నాళ్లూ ఎక్కడుందే!"

ఆవిడ చెంపలు తడిసిపోయాయి. ఆపరేషనంటే వణికిన మనిషి, "ఆ రెండో కన్ను కూడా చేయించేద్దాం" అంది.

నవ్వుతూ నావైపు తిరిగింది. ఆ నవ్వు ఆగిపోయింది.

"నీ కళ్ల కింద ఇంత నలుపేంటే? ఎప్పట్నుంచి?"

"ప్రాజెక్ట్ ఆంటీ. ఈ నెల గడిస్తే..."

పోయిన నెల కూడా ఇదే మాటన్నాను. ఆవిడ బొటనవేలితో నా కంటి కింద మెల్లగా రాసింది, ఆ నలుపు చెరిగిపోతుందేమో అన్నట్టు.

ఇందాకటి నుంచి ఆఫీసు ఫోన్ మోగుతోంది. తియ్యలేదు. సోమవారం ఏమంటారో... కళ్లు మూసుకుంటే మాత్రం ఆ వాలంతా ఊదాగా వెలుగుతూనే ఉంది.