గంజాయి గింజల నూనె, నా పది వేళ్లు

జూన్ 9, సోమవారం

ఇవాళ కూడా మగ్గం గదిలోకి వెళ్లలేదు. గడప దగ్గర రెండు చాయ్ గ్లాసులు పెట్టి వచ్చేశాను. నా చోట పక్కింటి పద్మ కూర్చుంటోంది ఇప్పుడు.

గద్వాల చీర ఒక్కరితో అయ్యే పని కాదు. నడుమ నూలు, రెండు వైపులా పట్టు అంచు — ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు కలపాలి, దానికి పక్కన ఇంకో మనిషి కావాలి. పదహారేళ్లు ఆ మనిషిని నేనే.

చలికాలం నుంచి వేళ్లు పగులుతున్నాయి. దురద, పొలుసులు. పట్టు పోగు ముట్టుకుంటే చాలు, చర్మానికి తట్టుకుని తెగుతుంది. పోయిన నెల తెల్ల నూలు మీద రక్తపు చుక్క పడింది. మా ఆయన తిట్టలేదు. "వేళ్లు మానేదాంక ఆగు జర" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

జూన్ 12

మగ్గం గదిలో వాళ్లిద్దరూ దేనికో నవ్వారు. నేను కూర తరుగుతున్నాను. దేనికని అడగలేదు.

జూన్ 15, ఆదివారం

షబానా వచ్చింది. బడిలో ఒకే బెంచీ మాది. బెంగళూరులో సబ్బులు, క్రీములు అమ్మే దుకాణంలో పనిచేస్తోంది ఇప్పుడు. పండుగకు వచ్చి ఇవాళ తిరిగి వెళ్తూ, బస్సెక్కే ముందు ఒక చిన్న రేకు డబ్బా నా చేతిలో పెట్టింది. మూత మీద ఆకుపచ్చ బొమ్మ... చేతి వేళ్లలా విచ్చుకున్న ఆకు.

"ఏందే ఇది? గంజాయి ఆకు గదనే?"

"మొక్క అదే. నూనె గింజలది. గింజలల్ల మత్తుండదు. తినేది గాదు, పూసుకునేది."

ఆకు రసంతో చేసినవి వేరే ఉంటాయట, వాటికి ఆయుర్వేద డాక్టరు చీటీ కావాలట. "అవి నీకెందుకు తెస్త?" అంది. ఇంకా చెప్పింది — "నొప్పి పోతది, నిద్ర పడ్తది అని దుకాణపోళ్లు మస్తు చెప్పిస్తరు మాతోని. నిజమో కాదో నాకు తెల్వదు. నా చేతులైతే మెత్తగైనయ్."

మూత తీసి తనే పూయబోయి, నా రెండు చేతులూ పట్టుకుని ఆగిపోయింది. "గిట్లెట్ల అయినయే..."

ఎన్ని నెలలైందో ఈ చేతులను ఎవరైనా పట్టుకుని.

జూన్ 16

అత్త చూసింది.

"ఇంట్ల గంజాయా! పోలీసోళ్లొస్తే ఏమని చెప్పాలె?"

గింజల నూనె అత్తా, అంటే వినదు. వాసన చూసింది — పచ్చిగడ్డి, నువ్వుల చెక్క కలిసినట్టు. ముక్కు ముడుచుకుంది. డాక్టరుకు చూపించేదాకా ముట్టనని ఒట్టు వేయించుకుంది.

జూన్ 18, బుధవారం

బస్సులో వనపర్తి. చర్మం డాక్టరమ్మ కళ్లద్దాలు పైకి జరిపి డబ్బా వెనక అక్షరాలన్నీ చదివింది. తేనెమైనం, గింజల నూనె, ఇంకేవో పేర్లు.

"ఇది మందు కాదమ్మా. చర్మం ఎండకుండ కాపాడ్తది, అంతే. నేనిచ్చే మలాము మానొద్దు. ముందు మోచేయి లోపల ఇంత పూసి ఒక రోజు చూడు. దద్దు లేస్తే బంద్ చెయ్యి."

నూలుకు పట్టించే గంజిలో, రంగు నీళ్లలో చేతులు పెట్టొద్దంది, పగుళ్లు మానేదాకా పట్టు ముట్టొద్దంది. ఎన్నాళ్లు, అంటే చెప్పలేనంది.

ఇంటికొచ్చి చెబితే అత్త నోరు తెరిచింది. "గంజి వద్దని గంజాయి పెట్టుకొమ్మన్నదా?" చాలా రోజుల తర్వాత నవ్వాను.

జూన్ 20

మోచేయి దగ్గర ఎరుపు లేదు. పూసుకున్నాను, పది వేళ్లకూ.

జూన్ 27

దురద తగ్గింది. మలాము వల్లనో, ఈ డబ్బా వల్లనో — తెలియదు.

అన్నం వడ్డిస్తుంటే ఆయన తల ఎత్తాడు. "ఏందో గడ్డి వాసనొస్తుంది." నా చేతులను చూశాడు. మళ్లీ పళ్లెంలోకి.

మాకు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం రాదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, భుజం భుజం తగులుతూ, చూపు పోగుల మీదే పెట్టి మాట్లాడేవాడు. వాళ్ల నాన్న పోయిన నాటి సంగతి, మాకు పిల్లలు లేని బాధ... అన్నీ అక్కడే చెప్పాడు. నా మొహం చూడకుండా. ఇప్పుడు అవన్నీ ఎక్కడ చెబుతున్నాడు?

జూలై 3

చేతులకు పూయమని నేనే అడిగాను. సిగ్గు విడిచి. డబ్బా అందుకుని ఒక్కో వేలికీ పూశాడు, మగ్గం చెక్కకు నూనె పట్టించినంత శ్రద్ధగా. "పద్మకు పోగులు కలుపుడు సక్కగ వస్తలేదు" అన్నాడు. సంతోషం వేసింది. వెంటనే నా మీద నాకే అసహ్యం.

నాలుగు వేళ్లు మిగిలి ఉండగా బయట ఎవరో పిలిచారు. వెళ్లాడు. వాటికి నేను పూసుకోలేదు, చాలాసేపు.

జూలై 8

తెగిన పట్టు పోగు ఒకటి ఏరుకుని వేళ్ల మధ్య లాగాను. కుడి చేతి మధ్య వేలికి తట్టుకుంది. మిగతా వేళ్ల మీద జారింది!

జూలై 14, సోమవారం

పద్మ వంటగదిలోకి వచ్చి చేతులు చూపింది. వేళ్ల సందుల్లో పగుళ్లు. గంజి నీళ్లు.

"వదినా, ఆ డబ్బల మందు జర నాకు పెడతవా?"

డబ్బాలో అడుగు కనిపిస్తోంది. ఒక్క క్షణం... ఒక్క క్షణం అనుకున్నాను, లేదని చెబితే, ఈ చేతులు కూడా పోతే, ఆ చోటు ఖాళీ అవుతుంది కదా అని. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది. మోచేయి దగ్గర పూసి, రేపు చూద్దామన్నాను. డాక్టరమ్మ పేరు చీటీ మీద రాసిచ్చాను.

పూస్తుంటే తనే అంది. "అన్న పొద్దంత నీ ముచ్చటే. జయ గిట్ల కలిపేది, జయ గట్ల తిప్పేది. వినీ వినీ నాకైతే యాష్టకొస్తది వదినా."

నాతో ఒక్కనాడూ అనలేదే.

జూలై 17, గురువారం

పద్మ చుట్టాల పెళ్లికని కోడేరు వెళ్లింది. మగ్గం చప్పుడు లేదు. చాయ్ తీసుకెళ్లాను, ఒక్క గ్లాసు. ఆయన ఊరికే కూర్చుని ఉన్నాడు. గ్లాసు అందుకుని పక్కకు జరిగాడు.

"కూసో."

"డాక్టరమ్మ ఇంకా పట్టు ముట్టొద్దన్నది."

"ముట్టకు. ఉత్తగ కూసో."

కూర్చున్నాను. గుంటలో కాళ్లు పెట్టుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని. ఈ వైపు అంచు కోసం ఆయన నా మీదుగా వంగి, పోగు కలిపి, మళ్లీ వెనక్కి జరిగాడు. ఒక్కో పోగుకూ అలాగే. బెత్తెడు కూడా కాలేదు మధ్యాహ్నానికి. ఏదో చెప్పబోయి రెండుసార్లు ఆగాడు.

పద్మ ఎల్లుండి వస్తుంది. రేపు చాయ్ రెండు గ్లాసులు తీసుకెళ్తాను, ఒకటి నాకు; చెప్పబోయింది చెబుతాడేమో.