ముక్కుతాడు లేని బండి

డాఫిన్,
సెప్టెంబరు 29

ప్రియమైన వాలీ బావకి,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం తప్పుగా వినపడుతుంది. అందుకని నేనూ ఉత్తరమే రాస్తున్నాను. నాలుగో తరగతి చదువుతో నాకు వచ్చిన రాత ఇంతే. తప్పులుంటే స్టెఫ్కా దిద్దుకుని చదువుతుంది. మా ఇంట్లో చదువంతా నా చెల్లెలికే దక్కింది. అంత చదివీ నిన్ను చేసుకుంది.

నవంబరు మూడో తారీఖు నుంచి వారానికి మూడుసార్లు దాన్ని మా ఊరి ఆసుపత్రికి తెచ్చి, మిషను మీద రక్తం శుభ్రం చేయించాలన్నావు. నీ పికప్ ఎత్తుకి ఎక్కలేకపోతోందన్నావు. పాలడబ్బా బోర్లించి దాని మీద నిలబెట్టి ఎక్కిస్తే, జారిపడి మోకాలు చీరుకుందన్నావు. జబ్బు మనిషిని పాలడబ్బా మీద నిలబెట్టిన మొగుణ్ణి గురించి నేనెక్కడా వినలేదు.

నువ్వు చెప్పిన రెండు చిన్న ఎస్‌యూవీల సంగతి చూద్దామని నిన్న దుకాణానికి వెళ్ళాను. నువ్వూ నేనూ ముప్పై ఏళ్ళు రోడ్డు చదును చేసే గ్రేడర్లు నడిపాం. ఈ బండి మన గ్రేడరు చక్రం కిందకి వస్తే, ఏదో గులకరాయి అనుకుని పోయేవాళ్ళం. దీనికి అంత పొడుగు పేరొకటి.

అమ్మే ఆవిడ పేరు డార్లీన్. శవం దగ్గర పెట్టే పూలన్నీ ఒంటికి రాసుకున్నట్టుంది వాసన. బండి మాట్లాడుతుందని, దారి చెబుతుందని, తలుపు సరిగ్గా వేయకపోతే చెబుతుందని గంటసేపు ఊదరగొట్టింది. నోరు మూసుకునే బండి ఉందా అని అడిగాను. లేదంది.

మొదటిదానికి బూట్ల డబ్బా అని పేరు పెట్టాను. తలుపు వేస్తే రేకు మూత పడిన చప్పుడు. సీటు అంచు తొడ కింద గుచ్చుకుంటుంది. లేవడానికి పట్టుకుందామంటే ఏమీ లేదు, గాలి తప్ప. రెండోది కప్ప. దీపాలు రెండూ గుడ్లలా పొడుచుకొచ్చాయి, వెనక్కి నడిపితే బెకబెకమంటుంది. కానీ సీటు వంటింటి కుర్చీ ఎత్తులో ఉంది. గడప నా మోకాలికి నాలుగు వేళ్ళు కింద, అంటే స్టెఫ్కాకి రెండు వేళ్ళు కింద. తలుపు పైన పిడి ఉంది, ఆవు కొమ్మంత లావు.

నేను స్టెఫ్కా కూర్చోబోయే సీట్లోనే కూర్చున్నాను. డార్లీన్ నడిపింది. నడిపేవాడి సీటు ఎలా ఉంటే నాకేం, అది నీ ఏడుపు.

అసలు చెప్పాలంటే రెండూ బండ్లే కావు. ఇంకోసారి వెళ్ళి ఏ దరిద్రం తక్కువో చెబుతాను.

నీ పెళ్ళాం అన్న,
నెస్టర్


విన్నిపెగోసిస్,
అక్టోబరు 6

ప్రియమైన నెస్టర్ బావకి,

నీ ఉత్తరం చేరింది. ఉత్తరమా అది? ఆగస్టు నెల క్యాలెండరు కాగితం వెనక, వడ్రంగి పెన్సిలుతో, కోడిగుడ్డంత అక్షరాలు. వరసకి మూడు మాటలు, ఆ మూడూ కొండ దిగుతున్నాయి. నీకు గ్రేడరు ఇచ్చిన ప్రభుత్వం ఈ రాత చూసుంటే రోడ్డు మీదకి రానిచ్చేది కాదు. స్టెఫ్కా చదివి నవ్వింది. తర్వాత అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ మళ్ళీ మొదటి నుంచి చదివింది.

నేనడిగిందేమిటి, నువ్వు చెప్పిందేమిటి? తలుపు చప్పుడు చెప్పావు, ఆవిడ వాసన చెప్పావు, సంతలో ఎద్దుని తడిమినట్టు తడిమి కొలతలు చెప్పావు. అద్దంలో వెనక రోడ్డు ఎంత కనిపిస్తుంది? ముందు అంకెలు పెద్దవా చిన్నవా? ఇవి నడిపేవాడికి కావాలి. బండి రంగేమిటి? బూడిదరంగు మాత్రం వద్దంటోంది స్టెఫ్కా. జనవరిలో ఆసుపత్రి బయట మంచులో మన బండి ఏదో పోల్చుకోవాలంటోంది.

ఈస్టర్‌కి రాలేదు. ఆగస్టులో వెల్లుల్లి తవ్వడానికి పిలిస్తే రాలేదు. నీ ట్రక్కుకి ఏప్రిల్‌లో వచ్చిన జబ్బు ఇంకా తగ్గలేదా? వచ్చే ఆదివారం పంటల పండగకి బంగాళదుంప కూరిన పెరోగీలు చేస్తానంటోంది స్టెఫ్కా. నువ్వు రాకపోతే నీ వాటా నేను తింటాను.

నీ బావ,
వాలీ


డాఫిన్,
అక్టోబరు 14

ప్రియమైన వాలీ బావకి,

నీ రాత చీమలు సిరాలో పడి పాకినట్టుంది. పోస్టాఫీసు ఆవిడ చేత చదివించుకోవలసి వచ్చింది. మీ బావకి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. పుట్టినప్పటి నుంచీ అంతే అన్నాను.

ట్రక్కు బాగు కాలేదు. దానికి కావలసిన సామాను ఇంకా రాలేదు. పెరోగీలు నువ్వే తిను, నీకు వేరే సంతోషాలేమున్నాయి.

నీ ప్రశ్నలకి జవాబులు. అద్దం ఉంది, దాంట్లో వెనక రోడ్డు ఉంటుంది, ముందు రోడ్డు ఉండదు. అంకెలు అంకెల్లాగే ఉన్నాయి. రంగంటావా, కప్పకి ఏ రంగుంటుందో అదే. మీ ఊరి సరస్సులో కప్పలు లేవా?

ఇక అసలు సంగతి. నువ్వూ అడగలేదు, డార్లీనూ చెప్పలేదు. మొన్న మళ్ళీ వెళ్ళి, కంకర మీద వెల్లకిలా పడుకుని, రెండు బండ్ల మూతులూ కింద నుంచి తడిమాను. కప్పకి పళ్ళ సందుల్లో కరెంటు తాడుంది. మూడు కొనల ప్లగ్గు, పైన రబ్బరు మూత, అంతా సరిగ్గా ఉంది. బూట్ల డబ్బాకి అసలు తాడే లేదు. ఇదేమిటమ్మా అంటే, కొత్త ఇంజన్లకి అది అక్కర్లేదంది. ఆవిడ జన్మలో ఎప్పుడైనా మైనస్ నలభైలో ఇంజను గడ్డకట్టిన బండి పక్కన నిలబడిందా? కరెంటు పెట్టి ఇంజను వెచ్చగా ఉంచుకోకపోతే ఈ ఊళ్ళో ఏ బండి కదులుతుంది? స్టెఫ్కా నాలుగు గంటలు మిషను మీద పడుకుని, ఒంట్లో శక్తంతా పోయి బయటికొస్తే, బండి కదలకపోతే ఏం చేస్తావు? డార్లీన్ మాట కప్పి వెచ్చబెడతావా?

ముక్కుతాడు లేని బండిని నా చెల్లెలి కోసం కొననివ్వను. కప్పనే తీసుకో. తాడుంటే సరిపోదు, విప్పడం కూడా తెలియాలి. ఎనభై ఏడులో విప్పకుండా గ్రేడరు కదిలించి, ప్లగ్గు పెట్టే స్తంభాన్ని పీకి మైలున్నర ఈడ్చుకెళ్ళింది ఎవరో నేను చెప్పక్కర్లేదు. వెనక అంత మోత వస్తుంటే రేడియో అనుకున్నావు.

ఇంక నన్నేమీ అడగకు.

నీ పెళ్ళాం అన్న,
నెస్టర్


విన్నిపెగోసిస్,
అక్టోబరు 26

ప్రియమైన నెస్టర్ బావకి,

ఈసారి నేనూ పెద్ద అక్షరాలే రాస్తున్నాను. వడ్రంగి పెన్సిలు, సెప్టెంబరు నెల కాగితం. ఇది నువ్వే చదువుకో. పోస్టాఫీసు ఆవిడకి ఇవ్వకు.

కప్పని కొన్నాను. అది ఎర్రగా ఉంది బావా. బీట్‌రూట్ సూపంత ఎర్రగా. ఆ దుకాణంలో అదొక్కటే ఉంది, వచ్చినప్పటి నుంచీ అదే రంగు. మా సరస్సులో ఎర్ర కప్పలు లేవు.

డార్లీన్‌ని అడిగాను. నువ్వు రెండుసార్లు వచ్చావని, ఒక్కసారీ స్టీరింగు ముట్టుకోలేదని, గుర్రం మొహం నిమిరినట్టు దీపాలు నిమిరావని చెప్పింది. వెళ్ళేటప్పుడు గాజుతలుపుకి గుద్దుకుని దాన్ని తిట్టావట.

తిరిగొస్తూ మీ వీధిలోంచే వచ్చాం. నీ ట్రక్కు చక్రాల సగం దాకా గడ్డి పెరిగింది. నేను బండి ఆపి నీ తలుపు దగ్గరికి రాబోయాను. స్టెఫ్కా నా చొక్కా పట్టి లాగింది.

"తలుపు కొట్టకు," అంది. "కొడితే అబద్ధం ఆడతాడు. తర్వాత ఆడినందుకు సిగ్గుపడి మన మొహం చూడడు. ఉత్తరం రాయి."

అందుకని రాస్తున్నాను.

ఇంకో మాట. దుకాణంలో నేను చెయ్యి పట్టుకోబోతే స్టెఫ్కా విదిలించుకుంది. ఆ పిడి పట్టుకుని, తనంతట తానే ఎక్కి కూర్చుంది. వసంతం తర్వాత ఎవరి సాయమూ లేకుండా బండెక్కడం ఇదే మొదటిసారి. తలుపు వేసుకుని, "అన్నయ్య నా మోకాలికి సరిగ్గా కొలిచాడు," అంది. కళ్ళున్న నేను పాలడబ్బా వేశాను.

మూడో తారీఖు, సోమవారం పొద్దున వస్తున్నాం. ఆసుపత్రి బయట బండికి కరెంటు పెట్టడానికి ఎక్కడా స్తంభాల్లేవట. నాలుగు గంటలు బండి చలిలో నిలబడాలి. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

నీ బావ,
వాలీ


డాఫిన్,
అక్టోబరు 30

ప్రియమైన వాలీ బావకి,

నీ ఉత్తరం నేనే చదువుకున్నాను. ఒక పొద్దంతా పట్టింది. పెద్ద అక్షరాల్లో రాసినా నీ రాత దరిద్రంగానే ఉంది.

ఎర్రదన్నావు కాబట్టి ఎర్రదే. నాకు మాత్రం కప్పే.

ఏప్రిల్‌లో డాక్టరు చెప్పాడు. కళ్ళ నడిభాగం పోయిందట, అంచులు మిగిలాయట. గోడలు, తలుపులు, కుక్కలు పక్క నుంచి తెలుస్తాయి. గాజుతలుపులు తెలియవు. గాజుతో తలుపు చేసినవాడిది తప్పు. సూటిగా చూస్తే ఎదురుగా ఉన్న మనిషికి మొహం ఉండదు. నీ మొహం కనపడకపోవడం పెద్ద నష్టం కాదు, అరవై ఏళ్ళుగా చూశాను, బాగుపడలేదు. కానీ స్టెఫ్కాది కూడా కనపడదు. ఈస్టర్‌కి రానిది అందుకే. బల్ల అవతల కూర్చుని అది మాట్లాడుతుంటే నేను దాని చెవి పక్క గోడని చూడాలి. దానికి తెలిసిపోతుంది. తెలిసినట్టే ఉంది.

ట్రక్కుకి ఏ జబ్బూ లేదు. కావాలంటే పట్టుకుపో. దానికంటూ పాలడబ్బా ఒకటి నీ దగ్గర ఎలాగూ ఉంది.

ఇప్పుడు సోమవారం సంగతి విను. ఆసుపత్రికి మా పెరడు రెండు వీధుల దూరం. పెరట్లో నా ట్రక్కు కోసం పాతిన కరెంటు స్తంభం ఉంది. చుట్టూ గడ్డి నిన్నే పీకాను, ప్లగ్గు కన్నాలు తుడిచాను. స్టెఫ్కాని దింపి బండి ఇక్కడికి తీసుకురా. ముక్కుతాడు నేను తగిలిస్తాను. దానికి కళ్ళెందుకు, ఆ మూతి నా చేతికి నీ కంటే బాగా తెలుసు. నాలుగు గంటలు ఇద్దరం కాఫీ తాగుతూ కూర్చుందాం. నువ్వు ఏమీ మాట్లాడకపోతే ఇంకా మంచిది.

వెళ్ళేటప్పుడు నువ్వు తాడు ముట్టుకోకు. నీ చెవులకి స్తంభం ఊడొచ్చినా వినపడదు, ఎనభై ఏడులో చూశాం. నేను విప్పి, చుట్టి, కప్ప నోట్లో పెట్టి, దాని నెత్తి మీద రెండు దెబ్బలు కొడతాను. నీకు వినపడకపోయినా స్టీరింగు పట్టుకున్న చేతులకి తెలుస్తుంది. ఆ రెండు దెబ్బలూ పడేదాకా కదలకు. తర్వాత నేనొచ్చి వెనక సీట్లో కూర్చుంటాను, ఆసుపత్రికి కలిసి వెళ్దాం. ముందు సీటు స్టెఫ్కాది, అందులో ఇంకెవర్నీ కూర్చోనివ్వకు.

స్టెఫ్కాకి చెప్పు. బయటికొచ్చాక నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడమను. అలాగైతే కనపడుతుంది.

నీ పెళ్ళాం అన్న,
నెస్టర్